చేపల చెరువు ప్రశ్న

మొన్న ముసురులో మా వీధిలో ఎవరో తడిసిన తివాచీని పిట్టగోడ మీద వేశారు. ఆ తడి ఉన్ని వాసనకు ఏలూరులోని రహీం మాస్టారి ముందుగది గుర్తొచ్చింది. గదిలో సగం ఆయన తమ్ముడి తివాచీ మగ్గానిది. మిగతా సగంలో చాప మీద ఏడుగురం ఎం.కాం. ప్రవేశ పరీక్షకు పన్నుల చట్టం చదివేవాళ్ళం. ఆరుగురికి ఇరవై ఏళ్ళు, నాకు ముప్పై తొమ్మిది. కొల్లేరు పక్కన చేపల మేత కొట్లో గుమాస్తాను. లెక్కలు నాకు నేనే నేర్చుకున్నాను. సీటు రాకపోతే ఆ కొట్లోనే ముసలివాణ్ణవుతానని భయం.

ఒకరోజు నమూనా పరీక్షలో, చేపల చెరువు ఆదాయం వ్యవసాయమే కనుక పన్ను లేదని రాశాను.

"చేప నేలలో మొలుస్తుందాండీ?" అన్నారు మాస్టారు.

"మా ఊళ్ళో అందరూ చేపల సాగనే అంటారండీ. వరిచేలే కదా చెరువులు చేసింది."

"చట్టం మీ ఊళ్ళో పుట్టలేదు కదండీ."

కుర్రాళ్ళు నవ్వారు. నా ముఖం మాడిపోయింది. మాస్టారు మగ్గం వైపు చూపించారు. తమ్ముడు అప్పటికే నేసిన నాలుగు వరుసలు విప్పుతున్నాడు.

"ఎక్కడో ఒక ముడి తప్పిందట. సిగ్గుపడి అలాగే పైకి నేస్తే మొత్తం పాడవుద్దండీ. విప్పుకుంటూ అక్కడిదాకా రావాలి."

అసలు పరీక్షలో ఆ ప్రశ్నే మాటలు మార్చి ఇచ్చారు. తొందరలో, పుట్టినప్పటి నుంచీ విన్న 'వ్యవసాయం' అన్న జవాబుకే టిక్కు పెట్టాను. మెట్లు దిగుతుండగా తప్పు తెలిసింది. ఒక్క మార్కుతో సీటు పోయింది. ఆ ముఖంతో మాస్టారి దగ్గరికి వెళ్ళలేకపోయాను. ఏడాదిపాటు ఒంటరిగా చదివాను. కొట్టు పని మీద ఏలూరు వచ్చినప్పుడల్లా బస్సు ఆయన వీధి చివర ఆగేది. నేను మాత్రం దిగేవాణ్ణి కాదు.

రెండోసారి ర్యాంకు వచ్చింది. కాగితం పట్టుకుని వెళ్తే, చాప చుట్టి గోడకు ఆనించి ఉంది. మగ్గం దగ్గర తమ్ముడొక్కడే ఉన్నాడు.

"అన్న పోయి మూడు నెలలైందండీ," అన్నాడు. "పోయినేడు పరీక్ష పేపరు తెప్పించుకుని చూశాడండీ. చేపల ప్రశ్న దగ్గర ఆగి, గుమాస్తాగారు ఇక్కడే పడ్డారు, అందుకే మొహం చాటేశారని నవ్వాడు. వస్తారులే, విప్పుకుని వస్తారు అన్నాడు."

ఇప్పుడు పన్ను లెక్కలు చూడటమే నా పని. ఎవరి లెక్కలోనైనా నా తప్పు దొరికితే, ఆ రోజే వాళ్ళింటికి వెళ్ళి చెబుతాను. సిగ్గు ఇంకా వేస్తుంది. అయినా వెళ్తాను. ఆ వీధి చివర దిగని రోజులను మాత్రం విప్పలేను.