నిఘా తెర తుడిచిన పాపం

చేతికందిన ప్రమోషన్‌ను నేనే ఎలా గంగలో కలిపానో చెబుతాను. నవ్వుకోండి, నాకేం! నాకు మాత్రం ఇప్పటికీ ఒళ్లు మండుతూనే ఉంది.

సైన్యంలో నా పని నిఘా తెర ముందు కూర్చోవడం. ఆ ఏడాది మా ముదిగుబ్బ దగ్గరి బీడులోనే శిక్షణ శిబిరం వేశారు. కెమెరా ముందు ఏది కదిలినా తెర మీద ఎర్ర చుక్క పడుతుంది. వేరుశనగ పీకేసిన చేలలోకి గొర్రెల మందలు దిగేసరికి తెరంతా తట్టు పోసినట్టయింది.

నా పైవాడు హవల్దార్ హనుమంతప్ప, గోరంట్ల మనిషి. తల పట్టుకున్నాడు.

"ఏమప్పా, ఇన్ని చుక్కల్లో శత్రువు యాడుండాడని ఎతకాల? రేపు పెద్దసారు పరీక్షకొస్తాండాడు. ఆయనే తన మనుషుల్తో శత్రువు మాదిరి ఎట్నుంచో దూరుతాడంట. పట్టుకుంటే నీకు ప్రమోషన్."

"నాకిడ్సిపెట్టన్నా. గొర్రెలు కాసినోని కొడుకుని. గొర్రె నడక నాకు తెలీదా?"

తెలుసండీ, అదే నా ఖర్మ! "గుంపుగా, నిదానంగా, ముందున్నదాన్ని దాటకుండా నడిస్తే అది మంద. ముందు నడిచేది పొట్టేలు. వాటిని చూపించకు" అని కంప్యూటర్‌కు నేర్పాను. తెర కడిగిన పళ్లెంలా మెరిసింది.

మర్నాడు పొద్దున్నే ఇద్దరం కాపలా కూర్చున్నాం.

"ఏమన్నా కనపడతాందా?"

"ఈగ గూడా లేదన్నా."

"ఇంకోసారి సూడప్పా, వచ్చే టైమయింది."

"రానీ అన్నా! ఈ తెర దాటి యాడికి పోతారు?"

అన్నానో లేదో, మా వెనక గుడారం గుడ్డ లేచింది. పెద్దసారు! ఆయన వెనక పన్నెండు మంది అధికారులు. పట్టపగలు, బీడుకు అడ్డంగా నడిచి వచ్చారట!

"మీరిద్దరూ చచ్చారు. మేమెందుకు కనబడలేదు?" అన్నాడు సారు.

నోరు మూసుకుని ఉండొచ్చు కదా? లేదు! "దాచినవాటి జాబితా ఉంది సార్" అంటూ మీట నొక్కాను.

తెర మీద పెద్ద పెద్ద అక్షరాలు: "మంద ఒకటి. గొర్రెలు పన్నెండు. ముందు పొట్టేలు ఒకటి."

ఒక్కరూ నవ్వలేదు. సారు నవ్వలేదు కాబట్టి.

ఇందులో నా తప్పేముందో మీరే చెప్పండి! ఆ పన్నెండు మందిలో ఒక్కడైనా సారును దాటి రెండడుగులు ముందుకేసి ఉంటే పట్టేసేవాళ్లం కదా! ఆ మాట పైకే అనేశాను. ప్రమోషన్ అక్కడే పోయింది.

"నీ నోరు పడిపోను! ఊరికే ఉండేకి కాదా నీకు?" అన్నాడు హనుమంతప్ప.

అందుకే ఒట్టు పెట్టుకున్నాను. ఇకపై గుంపుగా, నిదానంగా వచ్చేది ఏదైనా సరే, చూడగానే లేచి సెల్యూట్ కొడతాను. గొర్రెలైతే ఏమీ అనుకోవు.