హనుమమ్మ చెప్పిన ముగింపు

పాతికేళ్ళ వయసులో హనుమమ్మ ధర్మవరంలోని ఒక సినిమా హాల్లో, ఆడవాళ్ళ గేటు దగ్గర టికెట్లు చించేది. భర్త కుళ్ళాయప్ప ఇంట్లోనే పట్టుచీరలు నేసేవాడు. ఆయనకు మగ్గం దిగే తీరిక ఉండేది కాదు. అందుకని తాను చూసిన ప్రతి సినిమా కథనూ ఆమె మగ్గం పక్కన కూర్చుని చెప్పేది.

ఒక ఏడాది, యుద్ధకాలంలో తీసిన పాత సినిమా ఒకటి మళ్ళీ ఆడింది. అందులో సైనికుడు భార్యను స్నేహితుడికి అప్పగించి యుద్ధానికి పోతాడు. ఆ స్నేహితుడు అతను చచ్చిపోయాడని పుకారు పుట్టించి, తనను పెళ్ళాడమని ఆమెను వేధిస్తాడు. ఆమె లొంగదు. సైనికుడు తిరిగొచ్చి తుపాకీ ఎత్తుతాడు. సరిగ్గా అప్పుడే హనుమమ్మ బయటికొచ్చి గేటు తీయాలి. ముగింపు ఆమె ఎన్నడూ చూడలేదు.

ఆ వారంలోనే కుళ్ళాయప్ప ప్రాణస్నేహితుడు వీరేష్, కుళ్ళాయప్ప గీసుకున్న కొత్త అంచు డిజైనును తనదని చెప్పి పట్టుచీరల అంగడివాళ్ళకు ఇచ్చేశాడు.

"వాని మగ్గం మీద పడుగు దారాలన్నీ కోసేస్తా" అంటూ కుళ్ళాయప్ప బ్లేడు జేబులో పెట్టుకున్నాడు.

హనుమమ్మ అడ్డుపడలేదు. పక్కన కూర్చుని ఆ సినిమా కథ చివరికంటా చెప్పింది. "తుపాకీ ఎత్తి వాని మొగం జూసినాడు. చిన్నప్పుడు ఇద్దరూ ఒగే తట్టలో అన్నం తినింది గుర్తొచ్చె. తుపాకీ కింద పెట్టేసినాడయ్యా."

కుళ్ళాయప్ప బ్లేడు తీసి మగ్గం పక్కన పెట్టేశాడు. మరునాడు ఉత్త చేతులతో వీరేష్ ఇంటికి పోయి, "ఎందుకిట్ల చేస్తివబ్బా?" అని మాత్రం అడిగాడు. వీరేష్ తలెత్తలేకపోయాడు. డిజైను తిరిగి రాలేదు. కానీ కొన్నేళ్ళకు కుళ్ళాయప్ప చెయ్యి విరిగినప్పుడు, రెండు నెలలు ఆ ఇంటికొచ్చి చీరలు నేసిపెట్టింది వీరేషే.

ఈమధ్య ఒక ఆదివారం మధ్యాహ్నం, ఎర్రమంచి కార్ల ఫ్యాక్టరీలో పనిచేసే మనవరాలు మంజులత ఆ సినిమాను ఫోన్లో వెతికి పెట్టింది. అవ్వ, తాత, తను ముగ్గురూ చూశారు. చివర్లో సైనికుడు స్నేహితుణ్ణి కాల్చేశాడు.

హనుమమ్మ మొహం చిన్నబోయింది. "ఏమయ్యా, అప్పుడు నీకు అబద్ధం చెప్పినా."

"తెలుసులేమ్మే. ఆ మరుసటి నెలే హిందూపురంలో చూస్తి."

"చూసి ఇన్నేండ్లూ చెప్పకపోతివా?"

"ఏమని చెప్పేది? వాడు కాల్చేది చూసి ఆడనే కూచోని ఏడిస్తి. నువ్వు అట్ల చెప్పకుండా ఉంటే నేను గూడా వీరేష్‌ను పోగొట్టుకునుంటి."

హనుమమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. తర్వాత ఆయన వైపు సూటిగా చూసింది. "అయితే నన్ను ఇడిసిపెట్టి ఒక్కనివే పోయినావు సినిమాకు!"

"చీరలు ఇచ్చేకి పోయింటినమ్మే, బస్సుకు ఇంకా టైముండె..." అంటూ కుళ్ళాయప్ప సంజాయిషీ మొదలుపెట్టాడు.