వదిన తన కూతుర్ని నీళ్లకు చూపించిన రోజు

పోయినవాళ్ల పేరు మేము పలకం. అందుకని ఈమెను వదిన అనే రాస్తాను. మా అన్న భార్య. తెల్లదొరలు కంచె వేసి వేల గొడ్లను మేపే పశువుల స్టేషన్‌లో, వాళ్ల వంటింట్లోనే ఆమె వయసంతా అరిగిపోయింది. పిండి, టీపొడి, పొగాకు ఇచ్చి అదే జీతమన్నారు. కూతురు వెరోనా తెల్ల రంగు కలిసి పుట్టింది. అలాంటి పిల్లల్ని తల్లుల దగ్గర ఉంచకూడదని, నడక వచ్చిన కొత్తలోనే ప్రభుత్వం మనుషులు కారెక్కించుకుని పోయారు.

ఆ వెరోనా నెరిసిన తలతో, స్టేషన్ బయట మేముండే క్యాంపు ముందు బస్సు దిగింది. బస్సు ఆగితే ముందు తొంగిచూసేది నేనే.

"వదినా! నీ ముక్కు నడిచొస్తోందే!" అని అరిచాను.

వదిన ఏడవలేదు. నిప్పుల్లో కంగారూ తోక తిప్పుతూ, "దీన్ని మా నీళ్లకు చూపించాలే. నేను పోతే ఆ పని చేసేవాళ్లు లేరు" అంది.

చూపించడమంటే, ఆ నేల మనిషి తన చంక చెమట కొత్తగా వచ్చినవాళ్ల ముఖానికి రాసి, గుంట నీళ్లు పుక్కిట పట్టి నెత్తిన చల్లాలి. లేకపోతే అక్కడుండే పాతవాళ్లు, మన కంటికి కనపడనివాళ్లు, పరాయిదనుకుంటారు. కన్నబిడ్డయినా సరే. కానీ ఆ గుంట స్టేషన్ కంచె లోపల ఉంది.

వదిన అడగ్గా అడగ్గా చలికాలం ముందు మేనేజరు గేటు తీశాడు. "త్వరగా కానివ్వు, ముసలమ్మా. గొడ్లు బెదురుతాయి."

మేం వెళ్లేసరికి గుంట లేదు. గొడ్ల కోసం పెట్టిన పంపులు నేల లోపలి నీళ్లు లాగేస్తున్నాయి. అడుగున పగుళ్లు, గిట్టల గుర్తులు.

వదిన గట్టు మీద నిలబడి గొంతెత్తి పిలిచింది: "నా పిల్ల! వాళ్లు ఎత్తుకుపోయిన పిల్ల! మళ్లీ తోలెయ్యకండి!" చెమట రాసింది. ఇక నీళ్లు కావాలి.

వెరోనా సంచిలోంచి సీసా తీసింది. "ఇవి పనికిరావా, అమ్మా?"

"కుళాయి నీళ్లకు నీ సంగతేం తెలుసు?"

కాస్త దూరంలో పశువుల తొట్టి ఉంది. పంపు నీళ్లే, ఈ నేల కడుపులోవే. వదిన ఆవు మూతిని పక్కకు నెట్టి వంగింది.

"అవి గొడ్లకమ్మా!" అన్నాడు మేనేజరు.

"వాటికంటే ముందు మావి" అంది వదిన. పుక్కిట పట్టి కూతురి నెత్తిన చల్లింది. తర్వాత చాలాసేపు చెవి రిక్కించి నిలబడింది. పాతవాళ్లు ఒప్పుకుంటే గాలో, పిట్టో జవాబిస్తుంది.

"ఏమైనా వినపడిందా, అమ్మా?"

"పంపు" అంది వదిన.

ఆ చలికాలంలోనే పోయింది. ఆ గుంట దగ్గర పాతిపెట్టడానికి మేనేజరు ఒప్పుకోలేదు. ఊరి శ్మశానంలో, తెల్లవాళ్ల వరసల వెనక పెట్టాం.

వెరోనా సాయంత్రాలు నా పొయ్యి దగ్గరికి వచ్చి కూర్చుంటుంది. "అత్తా, నన్ను ఒప్పుకున్నట్టేనా?" అని అడుగుతుంది. క్యాంపులో ఎవరి విషయంలోనైనా నోరు పెట్టేదాన్ని. కానీ ఆ నేల మా వాళ్లది కాదు, వదిన వాళ్లది. దాని తరఫున మాట్లాడే హక్కు నాకు లేదు.

ఆమె కప్పులో టీ పోస్తాను.