బనియన్ జేబులో చెవిమిషను

ఢిల్లీ పక్కన మా వైశాలిలో బసవపున్నయ్యగారి ఇల్లెక్కడ అని అడిగితే ఒక్కరూ చెప్పలేరు. "వాక్‌మన్ అంకుల్" అంటే మటుకు పాలబూత్ వాడి దగ్గర్నుంచి పార్కులో యోగా చేసే పంజాబీ ఆంటీల దాకా అందరూ వేలెత్తి చూపిస్తారు. ఆయన చొక్కా జేబులో అగ్గిపెట్టెకంటే కాస్త పెద్ద డబ్బా ఉంటుంది. అందులోంచి ఒక వైరు, ఆ వైరు చివర చెవిలో బొత్తాం. ముసలాయన పొద్దస్తమానం పాటలు వింటాడని వాళ్ల ఉద్దేశం. ఒకసారి మెట్రో స్టేషన్లో తనిఖీ చేసే కుర్రాడు, "అంకుల్, గానా బంద్ కరో" అన్నాడు. ఆయన బుద్ధిగా బంద్ చేశారు. ఆ తర్వాత వాడు ఏమన్నాడో వినపడక, నవ్వుకుంటూ లోపలికి వెళ్లిపోయారు.

పాటలూ లేవు, పాడూ లేదు. అది చెవిమిషను. ఆయనది చీరాల దగ్గర పల్లెటూరు. మిలటరీలో ఫిరంగుల దళంలో హవల్దారుగా చేశారు. ఆ మోతకి నలభై నిండకుండానే రెండు చెవులూ పోయాయి. మిలటరీ ఆసుపత్రివాళ్లు ఆ డబ్బా చేతిలో పెట్టారు. అప్పట్నుంచీ అదే. అరిగిపోతే మళ్లీ అదే రకం వెతికి తెచ్చుకోవడమేగాని ఇంకోటి ముట్టుకోలేదు. పెన్సిలు సెల్లు ఒకటి వేస్తే చాలు. మైకు డబ్బా నెత్తిన ఉంటుంది కాబట్టి ఆయనతో మాట్లాడాలంటే మొహం చూసి లాభం లేదు, జేబులోకి వంగి మాట్లాడాలి. కొత్తగా వచ్చినవాళ్లు సిగ్గుపడేవాళ్లు. నేనైతే ముప్పై ఏళ్లుగా ఆ జేబుతోనే కబుర్లు చెబుతున్నాను.

ఆయన భార్య రాజేశ్వరమ్మ వదినతో నాకు బాగా చనువు. రెండు గుమ్మాలూ ఎదురెదురు. వేసవిలో పున్నయ్యగారు చొక్కా విప్పి బనియన్‌తో బాల్కనీలో కూర్చునేవారు. అప్పుడు డబ్బా ఎక్కడ పెట్టుకోవాలి? అందుకని వదిన మిగిలిపోయిన జాకెట్టు ముక్కలతో ఆయన బనియన్లన్నిటికీ గుండె మీద జేబులు కుట్టింది. తెల్ల బనియన్ మీద ఎర్ర పూల జేబు. చూస్తే నవ్వొచ్చేది. "నవ్వండి, నవ్వండి. మీ ఆయనకి కుట్టిపెట్టే దిక్కుందా?" అనేది నన్ను.

మాటకారి. మాటకారి అంటే చాలదు, వదిన నోరు తెరిస్తే పక్క బ్లాకు పావురాలు కూడా లేచిపోవాల్సిందే. గ్యాసు బుక్ చెయ్యలేదనో, బెండకాయలు ముదరవి తెచ్చారనో మొదలెట్టేది. ఆయన వినేంతవరకూ విని, మొహంలో ఏ మార్పూ లేకుండా బొటనవేలు జేబులోకి పోనిచ్చేవారు. టిక్. మిషను కట్టేసేవారన్నమాట.

"కట్టేశారా? కట్టేయండి. చెవిటివాడి ముందు శంఖం ఊదితే, పాపం కొరకలేక ఎంత అవస్థ పడుతున్నాడో అనుకున్నాడట!" అని మళ్లీ అందుకునేది.

"ఆయనకి వినపడదుగా వదినా, ఇంకా ఎవరికి చెబుతున్నావు?" అంటే, "సగం ఆయనకి, సగం నాకు. నా సగం నేను చెప్పుకోవద్దూ?" అనేది. అదీ ఆవిడ వరస.

కిందటి దసరాకి వాళ్లమ్మాయి కిరణ్మయి కొత్త చెవిమిషను తెచ్చింది. ఆ పిల్ల గురుగ్రామ్‌లో ఉద్యోగం చేస్తుంది, సెలవు దొరికితే చాలు వచ్చి వాలుతుంది. తండ్రి అంటే ప్రాణం. చెవి వెనక దాక్కునే చిన్న చిన్న గింజలు రెండు, ఫోనులోంచి సౌండు తగ్గించొచ్చు, పెంచొచ్చు. "నాన్నా, చెవులు దీనికి అలవాటు పడాలట. సంక్రాంతి దాకా పాతది ముట్టుకోకూడదు" అంది. మిలటరీ మనిషి, ఆర్డరంటే ఆర్డరే. సెల్లు తీసేసి డబ్బాని మాత్రం బనియన్ జేబులోనే ఉంచుకున్నారు. అది లేకపోతే గుండె మీద ఏదో వెలితిగా ఉంటుందట.

కొత్తదాంట్లో ఆయనకి ప్రపంచమంతా వినపడింది. "ఫ్రిజ్జు ఇంత గోల చేస్తుందని ఇన్నాళ్లూ చెప్పలేదేం సునందా?" అన్నారు నాతో. తన చెప్పుల చప్పుడుకి తనే వెనక్కి తిరిగి చూసుకునేవారు. అంతా బాగానే ఉందిగాని ఒక్క ఫిర్యాదు.

"అందరి గొంతులూ కొత్తగానే ఉన్నాయి, అది సరే. రాజేశ్వరిది మటుకు ఆవిడ గొంతే కాదమ్మా. గరిటెతో మూకుడు గీకినట్టుంది."

"ఏవిటీ, నా గొంతు మూకుడా?" అని వదిన ఇంతెత్తున లేచింది. మేమందరం కడుపు పట్టుకుని నవ్వాం.

ఆయన నవ్వలేదు. వారానికోసారి అదే మాట. కిరణ్మయి తీసుకెళ్లి మిషను సరిచేయించింది. మళ్లీ అదే మాట, మళ్లీ సరిచేయించింది. "అంకుల్‌కి పాతదాని మీద మోజు, అందుకే వంకలు" అన్నాడట ఆ మిషన్ల దుకాణం కుర్రాడు. ఈలోగా దీపావళి వెళ్లింది, పొగమంచు దిగింది. నవంబరులో ఢిల్లీలో గొంతు బాగున్నవాళ్లని వెతికినా దొరకరు. నాకు దగ్గు, మా ఆయనకి దగ్గు, వదినకి బొంగురు. మిరియాల పాలు తాగు వదినా అన్నాను. తాగింది.

"పాతదాంట్లో ఒక్కసారి వింటే తేలిపోతుంది. గొంతుదా తప్పు, మిషనుదా అని" అనేవారాయన. కాని సంక్రాంతి దాకా ఆగమని కూతురి ఆర్డరు. ఆగారు.

ఆ ఆగడమే కొంప ముంచింది. వదిన ఎప్పుడూ ఆయన బట్టలు చేత్తోనే ఉతికేది. ఒక ఆదివారం బకెట్టు ఎత్తబోతే ఆయాసం వచ్చి కూలబడింది. కిరణ్మయి, "నువ్వు లేమ్మా" అని ఆ బట్టలన్నీ పోగేసి వాషింగ్ మెషీన్లో పడేసింది. చొక్కాలకీ ప్యాంట్లకీ జేబులు తడిమింది. బనియన్‌కి జేబుంటుందని ఎవరనుకుంటారు? లోపల ఏదో ఠకఠకలాడుతోందని మూత తెరిచేసరికి, ఎర్ర పూల జేబులో డబ్బా సబ్బునీళ్లు కక్కుతూ ఉంది.

బియ్యం డబ్బాలో పెట్టారు, ఎండ వచ్చిన రోజున ఎండలో పెట్టారు. సెల్లు వేస్తే కుయ్యిమని కూడా అనలేదు. కిరణ్మయి వెక్కి వెక్కి ఏడ్చింది. "పోనీలే తల్లీ, కొత్తది ఉందిగా" అని ఆయనే ఓదార్చారు. తర్వాత బాల్కనీలో ఒక్కరే కూర్చుని ఆ డబ్బాని బనియన్ అంచుతో తుడుస్తుంటే చూశాను.

జనవరిలో అన్నం తింటుండగా వదినకి ముద్ద దిగక ఊపిరాడలేదు. ఆసుపత్రికి తీసుకెళ్లాం. గొట్టం వేసి చూసి, ముక్క తీసి పరీక్షకి పంపి, చివరికి డాక్టరమ్మ మమ్మల్ని కూర్చోబెట్టింది. స్వరపేటికలో పుండు, మంచిది కాదు, బాగా పెరిగింది. మొత్తం తీసేయాలి. ప్రాణం దక్కుతుంది, గొంతు ఉండదు.

"గొంతు మారి ఎన్నాళ్లయింది?" అని అడిగింది.

కిరణ్మయి నా వంక చూసింది. "రెండు నెలలయుంటుంది. జలుబనుకున్నాం" అన్నాను నేను.

"దసరా నుంచి" అన్నారు పున్నయ్యగారు.

మా అందరికీ చెవులున్నాయి. ఆ గొంతు పాడైన సంగతి విన్నది మాత్రం ఆ చెవిటి మనిషి ఒక్కడే. విని తప్పు మిషను మీద పెట్టాడు, మేమూ మిషను మీదే పెట్టాం. ఆ క్షణాన నా మీద నాకే ఒళ్లు మండింది.

ఆపరేషన్ సోమవారం అన్నారు. శుక్రవారం పొద్దున ఆయన మా తలుపు తట్టారు. అరచేతిలో ఆ డబ్బా.

"కిరణ్మయికి చెప్పకు, పిల్ల మళ్లీ కుమిలిపోతుంది. దీన్ని బాగుచేసే మనిషిని వెతికిపెట్టు, సునందా. సోమవారం లోపల రాజేశ్వరి గొంతు ఇందులో ఒక్కసారి వినాలి. నాకు తెలిసిన గొంతు ఇందులోదే."

డాక్టరమ్మ చెప్పింది గుర్తుచేద్దామనుకున్నాను. అన్నయ్యగారూ, ఆ గొంతు దసరాకే పోయింది, ఏ డబ్బాలో విన్నా అంతే, అని. కాని చెప్పులేసుకుని బయల్దేరాను.

ఎర్రకోట ఎదురుగా లాజ్‌పత్ రాయ్ మార్కెట్‌కి వెళ్లాం. వరసగా ఫోన్ల దుకాణాలు, దీపాల దుకాణాలు. డబ్బా చూపించగానే కుర్రాళ్లు నవ్వడమే. "ఆంటీజీ, ఇసే మ్యూజియం మే దే దో" అన్నాడొకడు. "నిన్ను కూడా ఇస్తానురా అక్కడికి" అని తెలుగులో తిట్టి ముందుకి నడిచాను. చివరికి ఒక సందులో పాత రేడియోలు బాగుచేసే నడివయసు మనిషి దొరికాడు. మూత విప్పి, తెల్లగా పేరుకున్న సబ్బుని స్పిరిట్‌తో కడిగి, తెగిన వైరు మార్చి, టంకం పెట్టి, సాయంత్రానికి సెల్లు వేసి పైన వేలితో తట్టాడు. బొత్తాం పెట్టుకున్న పున్నయ్యగారు ఉలిక్కిపడ్డారు.

"జిందా హై, అంకుల్" అన్నాడతను.

ఆయన డబ్బాని చొక్కా జేబులోకి జారవిడిచారు. "బట్ట రాసుకునే చప్పుడు. కొత్తదాంట్లో ఇది రాదు" అన్నారు నాతో. మెట్రోలో దారి పొడుగునా ఆ జేబు మీద చెయ్యి తియ్యలేదు. ఆ ముఖంలో ఆశ చూడలేక నేను కిటికీ వైపు తిరిగాను.

మర్నాడు ఆసుపత్రికి వెళ్లాం. కిరణ్మయి మందులకని కిందికి వెళ్లింది. ఆయన కొత్త మిషను తీసి నా చేతికిచ్చి, స్వెట్టరు, చొక్కా గుండీలు విప్పారు. ఎర్ర పూల జేబు కనపడగానే వదిన నవ్వింది.

"బతికించారా ఆ ముష్టి డబ్బాని?"

ఆయన మంచం మీదికి వంగి, జేబుని ఆవిడ నోటి దగ్గరకి తెచ్చారు. వదిన మొదలెట్టింది. మంకీ క్యాపు లేకుండా వచ్చారేం. పాలవాడికి ఒక ప్యాకెట్టు చాలని చెప్పారా లేదా. బనియన్ల సంగతి కిరణ్మయి దగ్గర ఎత్తకండి, పిల్ల బెంగపడుతుంది. ఒక్కో మాటా రంపంతో కోసినట్టు వస్తోంది. ఆయన వేలు డబ్బా పక్కనున్న చక్రం తిప్పుతోంది. పెంచారు, తగ్గించారు, మళ్లీ పెంచారు. కాసేపటికి ఆ వేలు ఆగిపోయింది.

"ఇప్పుడు బాగుందా నా గొంతు? మూకుడులా లేదుగా?" అంది వదిన.

"లేదు. ఇదే. తప్పంతా ఆ కొత్త మిషనుదే" అన్నారు.

"నే చెప్పలా?" అని తృప్తిగా తలగడ మీదికి వాలింది. నర్సు వచ్చి చాలమ్మా అనేదాకా మాట్లాడుతూనే ఉంది. ఆయన బొటనవేలు స్విచ్చి జోలికి పోలేదు.

వరండాలోకి వచ్చాక గోడకి ఆనుకుని నిలబడ్డారు.

"ఇందులోనూ అదే గొంతు, సునందా. పోయింది. నే విన్నాను, విని కూడా మిషనంటూ కూర్చున్నాను. అసలు గొంతు ఉన్నన్నాళ్లూ టిక్కుమని కట్టేశాను."

అని ఏడ్చారు. అంత పెద్దమనిషి ఏడుస్తుంటే, ఆయన కొత్త మిషనుని కొంగు చివర ముడేసుకుని నేనూ ఏడ్చాను.

ఆపరేషన్ అయింది. వదిన ఇంటికొచ్చింది. మెడ దగ్గర చిన్న రంధ్రం, ఊపిరంతా దాంట్లోంచే, దాని మీద పల్చటి గుడ్డ. మెడకి ఆనించుకుని మాట్లాడే మిషను ఒకటుందట, పుండు మానాక నేర్పిస్తామన్నారు. ప్రస్తుతానికి చేతులే మాటలు. మాటకారికి ఎంత శిక్షో చూడండి.

మొన్న పప్పుచారు పట్టుకెళ్లాను. పొయ్యి మీద పాలు పొంగిపోయి ఉన్నాయి. మంచం మీంచి వదిన ఆయన్ని తిడుతోంది. పెదవులు కదులుతున్నాయి, చెయ్యి గాలిలో ఆడుతోంది, చప్పుడు లేదు. కొత్త మిషను సొరుగులో ఉంది. చెవిలో పాత బొత్తామే. ఆయన అలవాటు కొద్దీ దగ్గరకెళ్లి వంగి, ఎర్ర పూల జేబుని ఆవిడ నోటికి అందించారు.

వదిన పెదవులు ఆగిపోయాయి. ఆ జేబు వంక చూసింది. తర్వాత తనే అందులో వేలు పెట్టింది. టిక్. కట్టేసింది. వినడానికేముంది అన్నట్టు చెయ్యి తిప్పింది.

ఆయన అలాగే వంగి ఉండి, బొటనవేలు లోపలికి పోనిచ్చి మిషను మళ్లీ వేశారు.

"ఉండనీవే" అన్నారు. "నీ ఊపిరి వినపడుతోంది."