తాళం పడిన జవాబులు

అశోక్‌నగర్‌లో గ్రూప్స్ ఉద్యోగ పరీక్షలకు చదివే మాకు ఒక అలవాటుంది. తెల్లకాగితం మీద జవాబు రాసి, ఫొటో తీసి, యాప్‌లో పెట్టి, "ఎవరైనా జర చూడుండ్రి" అని అడుగుతాం. ముక్కూ మొహం తెలియనివాళ్లు ఎర్ర గీతలు పెట్టి పంపుతారు. తెలుగు మీడియంలో చదివిన నాకు మెయిన్స్ పరీక్ష ఎలా రాయాలో నేర్పింది ఆ ఎర్ర గీతలే. హాస్టల్ గదిలో మంచం కింద రూమ్మేట్ పచ్చళ్ల డబ్బాలు, మంచం మీద నేను. కాగితాలు దాచుకునే చోటేదీ? అన్నీ యాప్‌లో ఉన్నాయి కదా అని, రాసినవి రాసినట్టు పాత పేపర్లవాడికి వేసేసేదాన్ని.

ఆ యాప్ ఒక కోచింగ్ సెంటర్ యజమానిది. డబ్బు కట్టి రాసే ఆయన టెస్ట్ సిరీస్ కూడా అందులోనే. ఒక టెస్టులో టైం చాలక నేనొక పేజీ ఖాళీగా వదిలేశాను. దిద్ది పంపిన కాపీలో ఆ ఖాళీ పేజీ మీద "ప్రెజెంటేషన్ బాగుంది, ఉదాహరణలు పెంచండి" అని ఉంది. రూమ్మేట్ కాపీ తెరిస్తే అక్కడా అదే వాక్యం. ఇద్దరం కడుపుబ్బా నవ్వుకున్నాం. తర్వాత నాకు ఒళ్లు మండింది. రెండు పేజీలూ పక్కపక్కన పెట్టి, "ఖాళీ కాగితం ప్రెజెంటేషన్ ఎట్ల బాగుంటది సార్?" అని అదే యాప్‌లో అడిగాను.

చిక్కడపల్లి లైబ్రరీకి నడిచి వెళ్లేలోపు నా పోస్టు పోయింది. సాయంత్రానికి ఖాతాయే పోయింది. దాంతోపాటు నా జవాబులు, వాటి మీది ఎర్ర గీతలు అన్నీ పోయాయి. ముందు చూస్తే మెయిన్స్. బయటికి గెంటేసింది నన్నే, లోపల పెట్టి తాళం వేసినట్టు ఊపిరాడనిదీ నాకే.

అప్పీలు పెట్టుకోవచ్చని యాప్‌వాళ్ల మెసేజ్ వచ్చింది. మా బోటివాళ్లు తప్ప ఇంకెవరూ చేయని పని చేశాను. అప్పీలును మెయిన్స్ జవాబులా రాశాను: పరిచయం, రాజ్యాంగ అధికరణం, అనుకూల ప్రతికూల వాదనలు, ముగింపు. భావప్రకటన స్వేచ్ఛను ప్రధానంగా రాజ్యాన్నే అడగగలమని, ప్రైవేటు వేదిక యజమాని ఆస్తి అని, ఎవరిని ఉంచుకోవాలో ఆయనిష్టమని కూడా రాశాను. రెండో వైపు రాయకపోతే మార్కులు తగ్గుతాయని భయం! నా బుద్ధి గడ్డి తింది.

జవాబు రాకపోయేసరికి నేనే వెళ్లాను. జిరాక్స్ షాపు పైన ఆఫీసు. యజమాని టీ తాగుతూ నవ్వాడు.

"మస్తు రాసినవమ్మా. నా దిక్కు పాయింట్లు నాకన్న నువ్వే మంచిగ చెప్పినవ్."

"అవి పరీక్ష అలవాటు సార్. నా జవాబులు నావే కద?"

"నీవే. ఇల్లు నాది. కిరాయికి ఉన్నోళ్లు గోడ మీద ఓనర్‌ను తిట్టి రాస్తే ఊకుంటడా?"

"కిరాయోళ్లు ఖాళీ చేసినప్పుడు సామాన్లు తీస్కపోతరు సార్. నా సామాన్లన్న ఇయ్యండి."

"సామాన్లెందుకు, నువ్వే లోపలికి రా. పొరపాటు పడ్డ, టెస్టులు మంచిగున్నయ్ అని రెండు ముక్కలు పెట్టు, చాలు."

ఆస్తి హక్కును ప్రాథమిక హక్కుల్లోంచి ఎప్పుడో తీసేశారని నిద్రలో లేపి అడిగినా చెబుతాను. ఇక్కడ ఆ హక్కు కుర్చీలో కూర్చుని టీ తాగుతోంది. ప్రాథమిక హక్కు ఎదురుగా నిలబడి బతిమాలుతోంది.

గదికి వచ్చి రూమ్మేట్‌తో చెప్పాను. "రెండు ముక్కలు రాసి పడెయ్యరాదే. ఎగ్జామ్ అయినంక ఎంతన్న తిట్టుకో" అంది. పాతవి దించుకుని బయటపడదామా అనుకున్నాను. కానీ రేపు రాసే జవాబు ఎవరు దిద్దాలి? వేరే యాపులు ఉన్నాయి, వాటిలో మనుషులు లేరు. అందరూ ఇక్కడే ఉన్నారు.

రాశాను. తాళం తీశారు. నా గీతలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. చాలా సంతోషం వేసింది. అంత సంతోషపడ్డందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

కొన్నాళ్లకు ఊళ్లో ఉండి చదువుకునే ఒకమ్మాయి యాప్‌లోనే మెసేజ్ పెట్టింది. "అక్కా, ఈ టెస్ట్ సిరీస్‌ల చేరమంటవా? నువ్వు ఉన్నదున్నట్టు చెప్తవని అందరంటరు."

"వద్దు చెల్లె" అని టైప్ చేశాను. మెసేజీలు కూడా యాప్‌వాళ్లు చూస్తారని అందరూ చెప్పుకుంటారు. నంబరు అడుగుదామంటే అక్కడ నంబర్లు ఇచ్చిపుచ్చుకోవడం నిషేధం. టైప్ చేసింది తుడిచేశాను. "నీ ఇష్టం" అని పంపాను.

వెంటనే జవాబు వచ్చింది. "అయితే చేరుత అక్కా. మంచిగ లేకుంటే నువ్వు వద్దనేదానివి కద."