సుగ్గి లారీ, నాయకత్వ శిక్షణ

ఆదోనిలో మాకు నాయకత్వం నేర్పింది ఒక కల్యాణ మండపం మేడమీద. ఎమ్మిగనూరు అవతలి పల్లెల్లో నేను హెల్త్ సూపర్‌వైజరుని. నా కింద ఇద్దరు నర్సులు ఉండాల్సిన చోట ఒక్కతే ఉంది. ఆమె కూడా బదిలీ కోసం ఆఫీసుల చుట్టూ తిరుగుతోంది. మాకు కావలసింది మనుషులు. ఇచ్చింది శిక్షణ. ఆ కబురు వచ్చిన పూటే నాకు ఒళ్ళు మండింది.

మండటానికి అసలు కారణం వేరే ఉంది. అది సుగ్గికాలం. మా వైపు పత్తి తీత అయిపోగానే ఊళ్ళకు ఊళ్ళు ఇళ్ళకు తాళాలేసి, లారీలెక్కి గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి వెళ్ళిపోతాయి. సుగ్గికి పోవడం అంటారు దాన్ని. కూలీలను కుదిర్చి తీసుకుపోయే మేస్త్రి మొగుడూ పెళ్ళాలను జతగానే మాట్లాడుకుంటాడు కాబట్టి కడుపుతో ఉన్నా ఆడమనిషి లారీ ఎక్కాల్సిందే. ఆ ఏడు నా పల్లెల్లో ఒక పిల్లకు ఏడో నెల. కనురెప్ప కిందికి లాగి చూస్తే సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. ఆదోని పెద్దాసుపత్రిలో రక్తం ఎక్కించాలి, కాన్పు దాకా ఎక్కడికీ కదలకూడదు. ఆ మాట మొగుడికి చెబితే తల గోక్కున్నాడు. అత్త మాత్రం ఆశా కార్యకర్తతో కబురు పంపింది, లారీ వచ్చే పొద్దు ఆ నర్సమ్మనే వచ్చి చెప్పమను, అప్పుడు చూద్దాం అని. మొండి ముసలిది అనుకున్నాను. వాళ్ళకు నర్సమ్మంటే నేనే. వస్తానని చెప్పించాను.

మంగళవారం ఎవరూ గడప దాటరు కాబట్టి లారీ బుధవారం పొద్దున. శిక్షణ మొదలయ్యేదీ బుధవారమే. ఒక్క పూట ఆలస్యంగా వెళ్తానని మా డాక్టరు గారిని అడిగాను. ఆయన చెడ్డవాడు కాదు. హాజరు ఫోన్లో మొహం చూపించి వేయాలి, పొద్దున పడకపోతే జిల్లా నుంచి అక్షింతలు నాకు పడతాయి, ఆశాను పంపించమ్మా అన్నాడు. పంపించాను. మేస్త్రి ముందు ఆశా మాట ఎంత చెల్లుతుందో మా ఇద్దరికీ తెలుసు.

శిక్షకురాలు హైదరాబాదు నుంచి వచ్చింది. నవ్వుమొహం, మెత్తటి మాట. మనసు ఇక్కడే ఉండాలని రాగానే ఫోన్లన్నీ ఒక బుట్టలో వేయించింది. తర్వాత మమ్మల్ని గుండ్రంగా నిలబెట్టి బంతి విసిరించింది. బంతి పట్టుకున్నవాళ్ళు నాయకుడికి ఉండాల్సిన గుణం ఒకటి చెప్పాలి. ఓర్పు అన్నారొకరు, చొరవ అన్నారొకరు. నా వంతు వచ్చేసరికి నేను గోడ గడియారం చూస్తున్నాను. నాయకుడంటే అన్నిచోట్లా తానే ఉండేవాడు కాదు, తాను లేని చోట కూడా పని జరిపించేవాడు అని ఆమె అంటే అందరూ రాసుకున్నారు. నేనూ రాసుకున్నాను.

ఆ పైన కష్టమైన సంభాషణ అని ఒక అభ్యాసం. ఉద్యోగంలో ఎవరితో మాట్లాడటం కష్టమో చెప్పి, దాన్ని అందరి ముందూ ఆడి చూపించాలి. నాకు ఆ అత్త తప్ప ఇంకెవరు గుర్తొస్తారు? మద్దికెర వైపు పనిచేసే నర్సు ఒకామె కొంగు నెత్తిన వేసుకుని అత్త అయింది. వక్క నములుతున్నట్టు దవడ ఆడిస్తూ, మూతి తిప్పుతూ, మేమంతా సేన్లల్లో కన్లేదా అని దబాయిస్తుంటే హాలంతా విరగబడి నవ్వింది. నేను గొంతు పెంచలేదు. రక్తం లేని మనిషికి కాన్పులో ఏమవుతుందో, మిరపచేనుకు ఆసుపత్రి ఎంత దూరమో, అన్నీ ఓపిగ్గా చెప్పాను. అంత బాగా నేనెప్పుడూ మాట్లాడలేదు. చివరికి ఆమె సరే ఉంచుతాలే అంది. అందరూ చప్పట్లు కొట్టారు. ఒక్క నిమిషం నాకూ సంతోషం వేసింది. ఆ సంతోషం తలచుకుంటే ఇప్పటికీ రోత పుడుతుంది.

భోజనాలప్పుడు ఫోను చేతికొచ్చింది. ఆశావి వరసగా మిస్డ్ కాల్స్. నేను చేస్తే ఆమె ఏడుస్తోంది. లారీ వెళ్ళిపోయింది. పిల్లనూ ఎక్కించారు, అత్తా వెంట ఎక్కింది. మేస్త్రి నంబరుకు ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు. వాళ్ళు దిగింది ఎవరి చేలోనో, ఏ ఊళ్ళోనో ఇక్కడ మిగిలిన ముసలివాళ్ళకు తెలియదు. మా యాప్‌లో ఆ పిల్ల పేరు పక్కన వలస అని నొక్కమన్నారు. నొక్కితే పేరు మా జాబితాలోంచి మాయమైంది.

ఉగాది దాటి, కైరుప్ప‌ల జాతరలో పిడకలు విసురుకునే పిడకలాట కూడా అయిపోయాక ఒక టీకాల రోజున అత్త వచ్చింది. చేతిలో పసిబిడ్డ. కోడలు లేదు. చేనుగట్టు మీదే కాన్పయిందట, ఆటోలో తీసుకుపోతుంటే దోవలోనే రక్తమంతా పోయిందట. ఆమె నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. బిడ్డ తొడకు సూది వేయించి, కొంగుతో ఒత్తిపట్టి నెమ్మదిగా చెప్పింది.

"లారీ ఆపిచ్చినా నర్సమ్మా, నీ కోసరం. మేస్త్రి తిడ్తాన్నా ఎక్కల్యా. నా మాట నా కొడుకు ఇనడు, నువ్వు సెప్తే ఇంటాడని. నువ్వొచ్చి గడప కాడ నిలబడింటే సాలు, ఆ పిల్ల సెయ్యి నేను ఇడిసేదాన్ని కాదు."

ఆమె మొండిది కాదు. నేను అన్ని మాటలు కూడబెట్టుకున్నాను, ఆమెకు అందులో ఒక్కటీ అక్కర్లేదు. ఇన్నేళ్ళ నా ఉద్యోగం మీద నాకు నమ్మకం పోయింది ఆ పూటే.

కొన్నాళ్ళకు ఆదోని నుంచి మళ్ళీ పిలుపు వచ్చింది. ఆ అభ్యాసం బాగా చేశానని శిక్షకురాలు గుర్తుపెట్టుకుందట, కొత్త నర్సులకు చూపించమంది. రానంటే సంజాయిషీ రాయాలి. రాసే ఓపిక నాలో లేదు. వెళ్ళాను. ఈసారి అత్త వేషం నాది. కొత్తగా చేరిన ఒక పిల్ల నా ఎదుట చేతులు కట్టుకుని నిలబడి, అమ్మా, మీ కోడలి గురించి మాట్లాడాలని వచ్చాను అని మొదలుపెట్టింది.

"వస్తివి కదమ్మా, అంతే సాలు. ఉంచుతా," అన్నాను.

శిక్షకురాలు నవ్వుతూ ఆపింది. అంత సులువుగా ఒప్పుకుంటే ఆ అమ్మాయి ఏం నేర్చుకుంటుంది మేడం, ఇంకాస్త మొండిగా చేయండి అంది.