ఐసు డబ్బాలో బిల్లు మిషను

కొత్తిమీర కట్టను కూడా బేరమాడకుండా కొనని దుకాణదారుల ఇంట్లో పెరిగాను. జగిత్యాలలో కూల్‌డ్రింకుల ఏజెన్సీలో వ్యాన్ డ్రైవరుగా చేరినప్పుడూ ఆ బుద్ధి పోలేదు. దుకాణాలకు సరుకు వేసే కోరుట్ల లైను ఇస్తే తీసుకుంటూనే ఏజెన్సీ యజమాని సేటు చేత ఒక మాట ఒప్పించుకున్నాను: ఎండాకాలం దాటేవరకు నా చేతి బిల్లు మిషను చెడకుండా చూసుకుంటే సిరిసిల్ల లైను నాకే. అక్కడ మరమగ్గాల గల్లీల్లో పెట్టెలు దించిన చోటే ఖాళీ అవుతాయి. పైగా అత్తగారిల్లు అక్కడే, మధ్యాహ్నం భోజనానికి ఢోకా లేదు.

సేటు మా నాన్నకు పాత దోస్తు. నన్ను అల్లుడా అనేవాడు.

అరచేతిలో పట్టే ఆ మిషనులోనే ప్రతి దుకాణానికీ బిల్లు కొట్టాలి. ఎండకు కాలితే తెర నల్లబడి ఆగిపోయేది. అందుకే పొడి తువ్వాలలో చుట్టి సీటు కింద నీడలో పడుకోబెట్టేవాణ్ణి.

"నాకన్న దానికే ఎక్కువ సేవలు జేస్తున్నవ్" అనేది నా భార్య.

తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులు. ఒక మధ్యాహ్నం కోరుట్ల చేరకముందే రోడ్డు మీద వంటావార్పు. నడిరోడ్డున పొయ్యిలు, గంజుల్లో అన్నం, మైకుల్లో పాటలు. ఆ రోజు నా వ్యానులో ఇంకో డ్రైవరు కూడా ఉన్నాడు. తన బండి రిపేరుకు పోతే నాతో వచ్చాడు. పెద్దవాడు, అందరం అన్నా అనేవాళ్లం. ఇద్దరం దిగి జై కొట్టాం, విస్తరిలో తిన్నాం. తిరిగొచ్చేసరికి వ్యాను కొలిమిలా ఉంది. సీటు కిందున్న మిషను కూడా ఉడికి ఆగిపోయింది.

మైకుల హోరు వినపడకుండా వ్యాను తలుపులు మూసి, స్పీకరు పెట్టి సేటుకు ఫోను చేశాను.

"గంత పరేషానెందుకు అల్లుడా? ఐసు డబ్బల పెట్టు, సల్లగైతది."

"తడి తాకుతదేమో మామా?"

"నీ తెలివంత గిప్పుడే సూపియ్యాల్నా? పెట్టుమంటే పెట్టు. దుకాణాలు మూసుకొని పోతరు ఆడ."

అన్న నవ్వాడు. "సేటే చెప్తున్నడు గద తమ్మీ, పెట్టు."

వ్యానులో సీసాలు చల్లబరిచే ఐసు డబ్బాలో పెట్టాను. బయటికి తీస్తే అద్దం లోపలంతా ఆవిరి. ఎంత నొక్కినా మళ్లీ వెలగలేదు.

మర్నాడు ఆ మిషన్లు ఇచ్చిన కూల్‌డ్రింకుల కంపెనీ సారు వచ్చి దాన్ని విప్పించాడు. లోపల నీళ్లు. ఐసు డబ్బాలో పెట్టానని చెప్పాను.

"ఐసుల పెట్టుమని ఎవరు చెప్పిండ్రు?"

నేను సేటు వైపు చూశాను.

"నేనెందుకు చెప్త సార్? ఈ డ్రైవర్లకు ఎంత చెప్పినా గింతే" అన్నాడు సేటు.

తెల్లారేసరికి నా అల్లుడి వరస పోయింది. అయినా నేను బెదరలేదు. స్పీకరు ఊరికే పెట్టానా? సాక్షి లేకుండా సరుకు దించుకోని ఇల్లు కదా మాది.

"అన్న పక్కనే ఉండి ఇన్నడు సార్, అడుగుండ్రి."

అన్న ఖాళీ సీసాల పెట్టెల వైపు తిరిగి నిలబడ్డాడు. "ఆడ మైకుల లొల్లి సార్. నాకేం ఇనవడలే."

విప్పిన మిషను ముక్కలు ఏరి తువ్వాలలో మూట కట్టాను. రూపాయి వస్తువును ముప్పావలాకు దింపే నోరు నాది.

కొన్నాళ్లకే సిరిసిల్ల లైను అన్నకు ఇచ్చారు. నన్ను గోదాములో పెట్టెలు మొయ్యమన్నారు. మానేద్దామనుకున్నాను. కానీ ఎందుకు మానేశావని అత్తగారు అడిగితే చెప్పుకోలేనని ఆగాను.

ఒక పొద్దున అన్న కొత్త మిషను పట్టుకుని గోదాములోకి వచ్చాడు.

"గుస్స గాకు తమ్మీ. నాకూ పిల్లలున్నరు. గీ ఎండల దీన్నెట్ల కాపాడుతుంటివో జర చెప్పు."

ఊరికే ఏదీ ఇచ్చే అలవాటు లేదు నాకు. ఆ రోజెందుకో ఇచ్చేశాను.

"పొడి తువ్వాలల సుట్టు. బండి ఎంతసేపు ఆగినా, దిగినప్పుడు నీ ఎంట తీస్కపో. నేను గది జెయ్యలే. ఇగ సేటు ఫోన్ల ఏమన్న చెప్తే, పక్కన ఎవరున్నరో ముందు సూస్కో."

అన్న తల దించుకుని, నేను నింపిన వ్యాను ఎక్కి సిరిసిల్లకు పోయాడు.